అంతేవాసి, ఆచార్యుడు, మద్యనియమం

బౌద్ధుల జాతకకథా సంపుటిలో వారుణి జాతకం అనే చిన్న కథ ఒకటి ఉంది. శ్రావస్తి నగరంలో అనాథపిండికునికి పరిచయస్థుడైన మద్యవర్తకుడు ఒకడు ఉండేవాడు. అతని వద్ద పని నేర్చుకొనే అంతేవాసి ఒకడు. ఒకనాడు యజమాని స్నానానికి వెళుతూ, వచ్చినవారికి మద్యం పోసి వెల తీసుకోమని అంతేవాసికి అంగడి అప్పగించాడు. తాగేవారు నడుమ నడుమ ఉప్పు, బెల్లం తెప్పించుకొని నంజుకోవడం అతడు గమనించాడు. మద్యంలో ఉప్పు చాలలేదు కాబోలుననుకొని కుండలో ఉప్పు కుమ్మరించాడు. నోట పోసుకొన్నవారు ఉమ్మివేసి లేచిపోయారు. యజమాని తిరిగివచ్చేసరికి అంగడి ఖాళీగా ఉంది. పూర్వం కాశీలో కొండణ్ణుడనే పనివాడు కూడా ఇలాగే సరకు పాడుచేశాడని బుద్ధుడు అనాథపిండికునికి చెప్పడంతో కథ ముగుస్తుంది.

తెలివిలేనివాడు మేలు చేయబోయినా కీడే జరుగుతుందని చెప్పడం ఈ కథ ఉద్దేశం. చరిత్ర చదివేవారికి ఇందులో మరొక సంగతి కూడా కనిపిస్తుంది. ఆనాడు మద్యవ్యాపారం సైతం ఒక యజమాని దగ్గర కుదురుకొని నేర్చుకొనే వృత్తి. దానిని నేర్చుకొంటున్నవాడు మాత్రం ఆ సరకును రుచి చూచి ఎరుగడు. ఎరిగి ఉంటే అందులో ఉప్పు కలిపేవాడు కాడు. ఇది కథకుడు చెప్పిన మాట కాదు, కథను బట్టి చేయదగిన ఊహ మాత్రమే.

అంతేవాసి అంటే సమీపంలో నివసించేవాడు. వేదం చెప్పుకొనే బ్రహ్మచారికీ, విహారంలో ఆచార్యుని ఆశ్రయించిన భిక్షువుకూ, కమ్మరి, కంసాలి వంటి శిల్పుల ఇంట పని నేర్చుకొనే కుర్రవానికీ ప్రాచీన గ్రంథాలు ఈ ఒక్క పదాన్నే వాడాయి. నేటి భాషలో అప్రెంటిస్ అని పిలిచే వ్యక్తి వీరిలో మూడవవాడు. నేర్చుకొనేవాడు మత్తుపదార్థాలను ముట్టరాదన్న నియమం మన దేశంలో చాలా పాతది. ఆ నియమం ఎవరి మీద ఎంత భారం మోపింది, అందులో నేర్పేవాని వంతు ఎంత అన్న ప్రశ్నకు మాత్రం కాలానికొక సమాధానం దొరుకుతుంది.

మొదట వేదవిద్యార్థి సంగతి. మనుస్మృతి రెండవ అధ్యాయం బ్రహ్మచారి విడిచిపెట్టవలసిన వాటిని ఒక వరుసలో పేర్కొంటుంది. మధువు, మాంసం, సుగంధాలు, పూలమాలలు, రుచికరమైన రసాలు, స్త్రీసాంగత్యం, పులిసిన పదార్థాలు, ప్రాణిహింస అందులో ఉన్నాయి. ఇక్కడి మధుశబ్దానికి తేనె అనే అర్థం చెప్పడం పరిపాటి. పులిసినవన్నీ నిషిద్ధమన్నప్పుడు సుర వేరుగా చెప్పకుండానే వాటిలో చేరుతుంది. గౌతమ ధర్మసూత్రంలోని పట్టిక ఇంకా పొడవైనది. పాదరక్షలు, గొడుగు, వాహనం, పగటినిద్ర, నాట్యం, సంగీతం కూడా అందులో చేరాయి. ఈ పట్టిక తరువాత కొద్ది దూరంలోనే, బ్రాహ్మణుడు మద్యాన్ని నిత్యం వర్జించాలని మరొక సూత్రం వస్తుంది. ఇందులో నిత్యమనే మాట గమనించదగినది. బ్రాహ్మణునికి అది జీవితాంతం పాటించవలసిన నిషేధం కాగా, తక్కిన ద్విజులకు విద్యాకాలానికి పరిమితమైన వ్రతమని దీనిని బట్టి భావించవచ్చు. చదువు పూర్తయి సమావర్తన స్నానం చేసిన రోజున పూలమాల, గంధం, గొడుగు, పాదరక్షలు తిరిగి విద్యార్థి చెంతకు వస్తాయి. అంటే ఆ వస్తువులు వాటంతట అవి చెడ్డవని ధర్మసూత్రకారులు భావించలేదు. నేర్చుకొనే కాలానికి అవి తగవు, అంతే.

తెలుగు దేశపు బ్రాహ్మణులలో అధికసంఖ్యాకులు అనుసరించే ఆపస్తంబ సూత్రం ఈ విషయంలో ప్రత్యేకంగా చూడదగినది. విద్యార్థి కారం, ఉప్పు, తేనె, మాంసం విడిచిపెట్టాలని చెప్పిన ఆపస్తంబుడే ఆచార్యునికి కూడా అంతే గట్టిగా కర్తవ్యాన్ని నిర్దేశించాడు. శిష్యుని కన్నకొడుకులా చూడాలి. తనకు తెలిసిన విద్యలో ఏదీ దాచుకోకుండా బోధించాలి. ఆపత్కాలంలో తప్ప, చదువుకు భంగం కలిగేలా అతనిని సొంత పనులకు వాడుకోరాదు. శిష్యుడు తప్పు చేసినపుడు విధించదగిన శిక్షలు నాలుగు: భయపెట్టడం, ఉపవాసం, నీటిలో మునిగించడం, కంటికి కనబడవద్దని పంపివేయడం. ఇవి కూడా తప్పు తీవ్రతను బట్టి, అతడు దానిని మానుకొనే వరకే.

బౌద్ధ సంఘం రూపొందించుకొన్న నియమాలు వీటికంటే సూక్ష్మమైనవి. అవి ఎలా పుట్టాయో వినయపిటకమే కథలుగా చెప్పడం వల్ల చరిత్రకారునికి ఎక్కువగా ఉపకరిస్తాయి. మద్యపానంపై నియమానికి మూలం సాగతుడనే భిక్షువు ఉదంతం. భద్దవతిక గ్రామ సమీపంలో జటాధారి తపస్వి ఆశ్రమంలో ఉన్న భయంకరమైన నాగాన్ని సాగతుడు తన తపోబలంతో లొంగదీశాడు. ఈ వార్త కౌశాంబికి చేరింది. ఆయనను ఎలా సత్కరించాలా అని పౌరులు ఆలోచిస్తుండగా, షడ్వర్గీయులని పేరుపడిన ఆకతాయి భిక్షువులు తేరిన మద్యం సమర్పిస్తే బాగుంటుందని సలహా ఇచ్చారు. సాగతుడు భిక్షకు వచ్చిన నాడు ఇంటింటా మద్యమే పోశారు. ఆయన ఊరి వాకిట పడిపోయాడు. భిక్షువులు మోసుకొనిపోయి బుద్ధుని వైపు తల ఉండేలా పడుకోబెడితే, మత్తులో దొర్లి కాళ్ళు బుద్ధుని వైపు చాపాడు. నాగాన్ని జయించిన ఈ సాగతుడు ఇప్పుడు నీటిపామును జయించగలడా అని బుద్ధుడు అడిగాడు. మద్యపానం పాచిత్తియమనే నియమం అప్పుడు ఏర్పడింది. దర్భ కొనతో అందుకొన్నంత తాగినా దోషమే. మద్యం కాదని భ్రమపడి తాగినా దోషమే.

పాచిత్తియమంటే తోటి భిక్షువు ఎదుట దోషాన్ని ఒప్పుకోవడంతో తీరే అపరాధం. పూర్తి శిక్షణ పొంది ఉపసంపద అందుకొన్న భిక్షువు తాగితే అతనికి పడే శిక్ష ఇంతే. ఇక శిక్షణలో ఉన్న శ్రామణేరుని సంగతి చూడాలి. ప్రాణిహింస, దొంగతనం, అబ్రహ్మచర్యం, అసత్యంతోపాటు మద్యపానాన్ని కూడా మహావగ్గం శ్రామణేరుని సంఘం నుండి తొలగించడానికి తగిన పది కారణాలలో చేర్చింది. ఒకే తప్పుకు నేర్చినవానికి దోషాంగీకారం, నేర్చుకొనేవానికి బహిష్కారం. శ్రామణేరుడు చాలాసార్లు పదిహేనేళ్ళు నిండిన కుర్రవాడు. కాకులను తోలగలిగినంత ఎదిగితే ఆ వయసు నిండకున్నా చేర్చుకోవచ్చునన్నారు. ఇంత చిన్నవానికి ఇంత పెద్ద శిక్ష ఎందుకన్న ప్రశ్నకు వినయపిటకం నేరుగా సమాధానం చెప్పదు. శ్రామణేరుడు స్వీకరించే పది శీలాలలో మద్యవర్జనం ఐదవది. అతని శిక్షణ అంతా ఆ పదింటి మీదే నిలబడి ఉంటుంది కాబట్టి, శీలం తప్పితే శిక్షణకు ఆధారమే పోతుందని భావించి ఉండవచ్చు.

అంతమాత్రాన శ్రామణేరుని వ్యవహారం పెద్దల ఇష్టానికి వదలివేయలేదు. చిన్న తప్పులకు విధించే దండనల విషయంలో మహావగ్గం చెప్పిన వృత్తాంతం దీనికి నిదర్శనం. కొందరు భిక్షువులు శ్రామణేరులను విహారంలోకే అడుగుపెట్టవద్దని నిషేధించారు. వారు సంఘం విడిచిపోసాగారు. విహారమంతా నిషేధించరాదని, వారు నివసించే, తిరిగే చోటు వరకే నిషేధం ఉండాలని బుద్ధుడు ఆజ్ఞాపించాడు. ఆ తరువాత కొందరు వారికి తిండి నిషేధించారు. గృహస్థులు గంజికి పిలిస్తే మాకు నిషేధం ఉందని శ్రామణేరులు చెప్పుకోవలసివచ్చింది. ఆహారం మీద నిషేధం పెట్టరాదని మరొక నియమం వచ్చింది. చివరకు, శ్రామణేరుని ఉపాధ్యాయుని అడగకుండా ఎవరూ అతనిని దండించరాదని తేలింది. ఆచార్యుడు అంతేవాసిపై పుత్రభావం, అంతేవాసి ఆచార్యునిపై పితృభావం నిలుపుకోవాలని చెప్పింది కూడా ఈ గ్రంథమే.

మందుల విషయంలోనూ వినయపిటకం ఆచరణయోగ్యమైన దారి వెతికింది. పిలిందవచ్ఛునికి వాతరోగం వచ్చినపుడు మద్యం కలిపి కాచిన తైలాన్ని అనుమతించారు. దానిని ఆసరాగా తీసుకొని షడ్వర్గీయులు మద్యం మోతాదు పెంచి తాగి మత్తులో పడ్డారు. అప్పుడు రంగు, వాసన, రుచి తెలియనంత తక్కువగా మద్యం కలిపిన తైలం మాత్రమే సేవించాలని, ఎక్కువ కలిసినదానిని ఒంటికి రాసుకోవడానికి వాడుకోవాలని నియమించారు. మత్తు కలిగించని అరిష్టాలకు నిషేధం లేదు. రెండు వేల ఏళ్ళ తరువాతి కార్యాలయ నిబంధనలలో కూడా ఇంత స్పష్టత అరుదు.

ఈ నియమాలు తెలుగునేలకు దూరపువి కావు. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలంలో పలు బౌద్ధశాఖల విహారాలు వెలిశాయి. ఎహువల శాంతమూలుని 11వ రాజ్యసంవత్సరంలో, వనవాస మహారాణి అయిన కొడబలిసిరి మహీశాసక శాఖ ఆచార్యుల కోసం విహారం కట్టించినట్లు అక్కడి శాసనం తెలుపుతుంది. ఆ మహీశాసకుల వినయగ్రంథాన్ని చైనా యాత్రికుడు ఫాహియాన్ సింహళంలో సంపాదించాడు. సాధారణశకం 5వ శతాబ్దిలో అది చైనా భాషలోకి అనువాదమైంది. కృష్ణాతీరంలో ఆ విహారపు గదులలో నివసించిన శ్రామణేరులు కూడా మద్యవర్జన శీలాన్ని స్వీకరించే సంఘంలో అడుగుపెట్టి ఉంటారు.

మూడవ అంతేవాసి, అంటే శిల్పం నేర్చుకొనేవాని విషయం నారదస్మృతిలో ఉంది. పరిచర్య చేసేవారిని నారదుడు వర్గీకరిస్తూ శిష్యుడు, అంతేవాసి, కూలివాడు, అధికర్మకరుడు అని నలుగురిని పేర్కొన్నాడు; దాసులను వేరుగా చెప్పాడు. బంధువుల అనుమతితో, ఇంత కాలమని నిశ్చయించుకొని అంతేవాసి ఆచార్యుని వద్ద నివసించాలి. ఆచార్యుడు అతనికి తన ఇంట్లోనే భోజనం పెట్టి నేర్పాలి, వేరే పనులు చేయించరాదు, కొడుకులా చూడాలి. సక్రమంగా నేర్పే ఆచార్యుని విడిచిపోయినవానిని బలవంతంగానైనా తిరిగి ఉంచవచ్చు, కొట్టవచ్చు, బంధించవచ్చు. పని ముందుగా వచ్చేసినా ఒప్పుకొన్న కాలం పూర్తిచేయవలసిందే. ఆ కాలంలో చేసిన పని ఫలం ఆచార్యునిదే. ఈ శ్లోకాలలో మద్యం ప్రసక్తి లేదు. బహుశా అవసరం లేకపోయి ఉంటుంది. ఆచార్యుని ఇంట తింటూ, అక్కడే పడుకుంటూ, చేతికి కూలి రాని కుర్రవానికి ఆ ఇంటి ఆచారమే నియమం. ఆ ఇంట కల్లు పారితే కుర్రవాడు కల్లుకు దగ్గరగానే పెరిగి ఉంటాడన్నది కూడా కాదనలేని మాట.

మద్యాన్ని పనితో ముడిపెట్టి చూచినవాడు కౌటిల్యుడు. అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని విధులు చెప్పే అధ్యాయంలో, మద్యం బయటికి పోకుండా, ఒకచోట పోగుపడకుండా కట్టడి చేయడానికి మూడు భయాలు కారణంగా చూపాడు. పనులలో నియుక్తులైనవారు ప్రమాదం పొందుతారన్నది వాటిలో మొదటిది. ఆర్యులు మర్యాద మీరుతారని, దుడుకు స్వభావం కలవారు రెచ్చిపోతారని తక్కిన రెండు. సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు. బౌద్ధుల ఐదవ శీలం కూడా మద్యాన్ని ప్రమాదస్థానమనే అంటుంది. తెలుగులో ఆ మాట ఏమరుపాటు వల్ల కలిగే అపాయానికి పేరుగా స్థిరపడింది. లేతు మిషను ముందు నిలబడిన నేటి అప్రెంటిస్‌కు ఈ రెండర్థాలూ వర్తిస్తాయి.

ఆంగ్లేయుల రాకతో మరొక సంప్రదాయం వచ్చి చేరింది. ఇంగ్లండులో 1563 నాటి చట్టం వృత్తులలో ఏడేళ్ళ అప్రెంటిస్ కాలాన్ని తప్పనిసరి చేసింది. ఆ నిబంధనలు 1814 వరకు అమలులో ఉన్నాయి. అచ్చు ఫారాలుగా తరతరాలు నడచిన ఒప్పందపత్రాలలో కుర్రవాడు యజమాని రహస్యాలు కాపాడాలని, పానశాలలకు పోరాదని, జూదమాడరాదని, గడువులోగా పెళ్ళి చేసుకోరాదని రాసేవారు. అదే పత్రంలో యజమాని అతనికి అన్నపానాలు, బట్టలు, వసతి ఇస్తానని ఒప్పుకొనేవాడు. ఆ పానం చాలా ఇళ్ళలో పలుచని బీరు. అంటే నిషేధం మద్యం మీద కంటే పానశాల మీద, అక్కడి సావాసం మీద ఎక్కువ. ఈ కట్టడి కూడా కాగితం మీదే నిలిచిందని స్కాట్లండుకు చెందిన మద్యనిరోధక ప్రచారకుడు జాన్ డన్‌లప్ 1839లో ప్రకటించిన గ్రంథం వల్ల తెలుస్తుంది. వృత్తి వృత్తికీ కొత్తగా చేరిన కుర్రవాడు పాతవారందరికీ తాగడానికి సొమ్ము చెల్లించాలన్న ఆచారం ఉండేది. నిరాకరించినవానికి వేధింపులు తప్పేవి కావు. కుర్రవాని పత్రంలో తాగరాదని రాసి ఉంటే, పనిచోటు ఆచారం తాగించమని శాసించింది. నిషేధవాక్యం రాయడం ఎంత సులువో, పనిచోట పెద్దల అలవాటు మార్చడం అంత కష్టమని గ్రహించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అవసరం లేదు.

మద్రాసులో ఈ పద్ధతి తొలినాళ్ళలోనే కాలూనింది. 1794లో మైకేల్ టాపింగ్ నెలకొల్పిన సర్వే పాఠశాలకు అనాథశరణాలయపు బాలురను తెచ్చి శిక్షణ ఇచ్చారు. కృష్ణా, గోదావరి ప్రాంతాలలో సర్వే చేసిన టాపింగ్ 1796లో మచిలీపట్నంలో జ్వరంతో మరణించాడు. ఆయన పాఠశాలే క్రమంగా గిండీ ఇంజనీరింగ్ కళాశాలగా ఎదిగింది. దేశమంతటికీ వర్తించే అప్రెంటిస్ చట్టం 1850లో వచ్చింది. పదేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలను తండ్రి లేదా సంరక్షకుడు గరిష్ఠంగా ఏడేళ్ళకు ఒప్పందం చేయవచ్చు. అనాథలు, విడిచిపెట్టబడిన పేదపిల్లలు, దేశదిమ్మరితనానికో చిన్న నేరానికో శిక్షపడిన పిల్లల విషయంలో మేజిస్ట్రేటే సంరక్షకుడుగా వ్యవహరించవచ్చు. నారదుడు చెప్పిన బంధువుల అనుమతి ఉన్నచోట న్యాయాధికారి సంతకం వచ్చింది. కొడుకులా చూడాలన్న మాటకు ఆ చట్టంలో చోటు దొరకలేదు.

రైళ్ళు వచ్చాక నియమానికి కొత్త కొలత ఏర్పడింది. 1862లో ప్రారంభమైన జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపు వంటి చోట్ల శిక్షణ ఇంటి నుండి కర్మాగారానికి మారింది. వందలమంది పనిచేసే చోట ఆచార్యుని ఇంటి ఆచారం నిలవదు. గంటలు లెక్కించే నిబంధన కావాలి. 1976 నాటి రైల్వే సాధారణ నియమావళి దీనికి చక్కని ఉదాహరణ. రైళ్ళ నడకతో నేరుగా సంబంధం ఉన్న ఉద్యోగి విధులలో చేరడానికి ముందు ఎనిమిది గంటలలోపు మద్యం గానీ, మత్తు కలిగించే, నిద్రపుచ్చే, ఉద్రేకపరిచే మందు గానీ తీసుకోరాదని అది శాసించింది. అతని శీలాన్ని గురించి అందులో ఒక్క మాట లేదు. కౌటిల్యుని మొదటి భయమే గడియారంతో కొలిచిన నిబంధనగా మారింది.

స్వతంత్ర భారతంలో 1961 నాటి అప్రెంటిస్ చట్టం 1850 నాటి చట్టాన్ని తొలగించి, 1962 మార్చి 1 నుండి అమలులోకి వచ్చింది. ఇందులో పక్కపక్కనే ఉన్న రెండు సెక్షన్లు ఆలోచింపజేస్తాయి. నడవడి, క్రమశిక్షణ విషయాలన్నిటిలో అప్రెంటిస్‌కు ఆ సంస్థలో అదే తరగతి ఉద్యోగులకు ఉన్న నిబంధనలే వర్తిస్తాయని 17వ సెక్షన్ చెబుతుంది. అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, పనివాడు కాడని, కార్మిక చట్టాలు అతనికి వర్తించవని 18వ సెక్షన్ అంటుంది. హక్కుల దగ్గర శిక్షణార్థి, తప్పుల దగ్గర ఉద్యోగి అన్నమాట. ఆరోగ్యం, భద్రత, సంక్షేమం విషయంలో మాత్రం ఫ్యాక్టరీల చట్టపు రక్షణలను 14వ సెక్షన్ అతనికి కూడా విస్తరింపజేసింది. చేరడానికి కనీస వయసు 14 ఏళ్ళు. అపాయకరమైన పరిశ్రమలలో 18 ఏళ్ళు ఉండాలన్న నిబంధన 2014 సవరణతో వచ్చింది. కాబట్టి పదహారేళ్ళ కుర్రవాడు మత్తులో పట్టుబడితే, ముప్పైఏళ్ళ సర్వీసున్న ఫిట్టరుకు వర్తించే నడవడి నిబంధనతోనే అతనినీ కొలవవలసివస్తుంది. శ్రామణేరునికి ఉపాధ్యాయుడు ఉన్నాడు. ఇతని తరఫున ఎవరిని అడగాలో ఆ 17వ సెక్షన్ చెప్పదు.

నేర్చుకొనేవారిపై నియమం ఎప్పుడూ పైనుండే వచ్చిందని ఇంతవరకు చెప్పిన చరిత్ర వల్ల అనిపించవచ్చు. దీనికి భిన్నమైన ఉదంతం తెలుగునేల మీదే జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో సంపూర్ణ అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు 1992లో సారాకు వ్యతిరేకంగా లేచారు. వయోజన విద్యార్థినులు తమ వాచకంలో చదివిన పాఠాన్ని ఊరిలో అమలు చేశారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. అక్కడ నిబంధన కోరినవారు, తాగినవారు వేర్వేరు మనుషులు; అప్రెంటిస్ విషయంతో దీనిని పూర్తిగా పోల్చలేము. అయినా నేర్చుకొనేవారికి తమ చదువు పరిసరాల మీద అభిప్రాయం ఉంటుందని, దానిని అడగడం వృథా కాదని ఆ తరగతులు చూపాయి.

పెద్దల బాధ్యతను చట్టం తిరిగి నేరుగా పలికింది 2015 నాటి బాలల న్యాయ చట్టంలో. అర్హత కలిగిన వైద్యుని ఆదేశం మీద తప్ప, 18 ఏళ్ళు నిండనివారికి మద్యం, మాదకద్రవ్యం, పొగాకు ఉత్పత్తి ఇచ్చినవానికి ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని 77వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ అపరాధి ఇచ్చినవాడు. వర్క్‌షాపులో కొత్త కుర్రవానికి సరదాగా గ్లాసు అందించే సీనియరు ఈ సెక్షన్ కిందికి వస్తాడు. కౌశాంబి పౌరులకు సలహా ఇచ్చిన షడ్వర్గీయుల వంటివారికి వినయపిటకంలో ఆ సలహా కోసమే విధించిన శిక్ష కనబడదు. మద్యం అమ్మడానికి, మోయడానికి, సరఫరా చేయడానికి బాలలను వాడుకొన్నవారికి అదే శిక్షను 78వ సెక్షన్ నిర్ణయించింది. స్నానానికి వెళుతూ అంగడిని అంతేవాసికి అప్పగించిన శ్రావస్తి వర్తకుని కథలో ఆ కుర్రవాని వయసెంతో కథకుడు రాయలేదు.